ప్రభుత్వ కార్యాలయంలో సిబ్బంది వ్యవహారాలు: కార్యాలయాధిపతి చేతిలో ఉన్న పనులు

ప్రభుత్వ కార్యాలయంలో సిబ్బంది బాధ్యతలు కొత్తగా చేపట్టిన అధికారికి తన పరిమితులు మొదటి నెలలోనే తెలిసివస్తాయి. జీతం పెంచే అధికారం ఉండదు, తగినవారిని తానే ఎంచుకునే వీలుండదు, పోస్టుల సంఖ్య ఆర్థిక శాఖ నిర్ణయిస్తుంది, పనిచేయనివారిపై చర్య తీసుకోవాలంటే నెలల తరబడి సాగే విచారణ ఉంటుంది. అందుకే చాలామంది 'మన చేతిలో ఏముంది' అనుకుని వచ్చిన ఫైలు మీద సంతకం పెట్టి పంపడంతో సరిపెట్టుకుంటారు. ఈ మాటను నేను ఒప్పుకోను. ఉద్యోగులు కోర్టులకూ ట్రైబ్యునళ్లకూ తీసుకువెళ్లిన వివాదాల తీర్పులు చదివితే రెండు లోపాలు పదేపదే కనిపిస్తాయి: తీసుకున్న నిర్ణయానికి కారణం రాయకపోవడం, తీసుకోవలసిన నిర్ణయాన్ని గడువులోగా తీసుకోకపోవడం. ఈ రెండింటినీ సరిదిద్దడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, అదనపు బడ్జెట్ అసలే అక్కర్లేదు.

నిబంధనలను విసుక్కునే ముందు అవి ఎందుకు పుట్టాయో తెలుసుకోవడం మంచిది. బ్రిటన్‌లో సిఫారసుల మీద కొలువులు దక్కే రోజుల్లో, 1854లో వెలువడిన నార్త్‌కోట్–ట్రెవెలియన్ నివేదిక బహిరంగ పోటీ పరీక్షల ద్వారానే నియామకాలు జరగాలనీ, పదోన్నతికి ప్రతిభ ఆధారం కావాలనీ ప్రతిపాదించింది. అమెరికాలో ఎన్నికల్లో గెలిచిన పార్టీ తన అనుచరులకు ఉద్యోగాలు పంచిపెట్టే పద్ధతి ఎంత ముదిరిందంటే, ఆశించిన పదవి దక్కలేదన్న కక్షతో ఒకడు 1881లో అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌నే కాల్చాడు. ఆయన మరణం తరువాత 1883లో వచ్చిన పెండిల్టన్ చట్టంతో అక్కడ ప్రతిభ ఆధారిత నియామకాలు మొదలయ్యాయి. భారత రాజ్యాంగంలోని 311వ అధికరణం కూడా ఉద్యోగిని పై అధికారి ఇష్టానుసారం తొలగించకుండా కాపాడేందుకు పెట్టినదే. కాబట్టి ఈ రక్షణలను మీకు ఎదురైన అడ్డంకులుగా చూడకండి. రేపు మీ స్థానంలోకి వచ్చే అధికారి న్యాయబుద్ధి లేనివాడైతే, మీ దగ్గర పనిచేసిన మంచి ఉద్యోగిని కాపాడేవి ఆ నిబంధనలే.

ఖాళీలను ముందే చూడటం

పదవీ విరమణ ఎవరినీ హఠాత్తుగా పలకరించదు. ఎవరు ఏ నెలలో దిగిపోతారో ఉద్యోగంలో చేరిన రోజునే లెక్కకట్టవచ్చు. అయినా ఒక సెక్షన్‌లో ఇద్దరు అనుభవజ్ఞులు ఒకే ఏడాది విరమణ పొందితే కార్యాలయం దిక్కుతోచక నిలబడటం మనం చూస్తూనే ఉంటాం. వచ్చే ఐదేళ్లలో విరమణ పొందేవారి జాబితాను పోస్టులవారీగా, నెలవారీగా తయారుచేయండి. పదోన్నతితో భర్తీ అయ్యే పోస్టులకు సీనియారిటీ జాబితాను ఏటా ప్రకటించి, అభ్యంతరాలకు గడువిచ్చి, వచ్చిన ప్రతి అభ్యంతరానికీ కారణంతో కూడిన జవాబు ఇచ్చిన తరువాతే ఖరారు చేయండి. అభ్యంతరాలను పక్కన పడేసి ఖరారు చేసిన జాబితా వల్ల పదోన్నతులన్నీ ఏళ్లపాటు కోర్టులో చిక్కుకుపోతాయి, ఆ లోపు అర్హులు కొందరు విరమణ కూడా పొందుతారు. నేరుగా భర్తీ చేయవలసిన పోస్టులకు నియామక సంస్థకు పంపే ప్రతిపాదనలో రిజర్వేషన్ రోస్టరు (ఏ పోస్టు ఏ వర్గానికో చూపే పట్టిక), విద్యార్హతలు, పని స్వభావం మొదటిసారే సరిగ్గా ఉండేలా చూడండి. ఒక్క తప్పుతో తిరిగివచ్చిన ప్రతిపాదన ఒక నియామక సంవత్సరాన్నే మింగేస్తుంది.

ఇంటర్వ్యూలో మీకు పాత్ర ఉంటే, అభ్యర్థులందరినీ ఒకే ప్రశ్నలు, ఒకే వరుసలో అడగండి. ప్రతి జవాబుకూ అప్పటికప్పుడే విడిగా మార్కులు వేయండి. మాటల్లో పెట్టి మనిషిని అంచనా వేయగలమన్న నమ్మకం చాలామంది అధికారులకు ఉంటుంది గానీ, ముందే ఖరారు చేసుకున్న ప్రశ్నలతో సాగే ఇంటర్వ్యూలే అభ్యర్థి పనితీరును మెరుగ్గా అంచనా వేస్తాయని ఈ రంగంలోని పరిశోధనలు పదేపదే చూపాయి.

పని పంపకం

దున్నే ఎద్దునే పొడుస్తారన్న సామెత ప్రభుత్వ కార్యాలయాలకు సరిగ్గా సరిపోతుంది. సమర్థుడికి మూడు సీట్ల పని అప్పగిస్తారు, పని ఎగ్గొట్టేవారికి ఉన్న పనినీ తగ్గిస్తారు, నెలాఖరున ఇద్దరి జీతమూ ఒకటే. కొన్నాళ్లకు ఆ సమర్థుడు కూడా చేతులు ముడుచుకోవడం నేర్చుకుంటాడు. ప్రభుత్వ కొలువులో మంచి ఉద్యోగిని పోగొట్టుకునేది ఇలాగే. అతను రాజీనామా చేయడు, కుర్చీలోనే ఉంటూ మనసు తీసేసుకుంటాడు. నా దృష్టిలో కార్యాలయాధిపతి అన్నిటికన్నా ముందు పట్టించుకోవలసిన విషయం ఇదే.

పని పంపకపు ఉత్తర్వు రాతపూర్వకంగా ఉండాలి. ప్రతి సీటుకూ ఏయే అంశాలు, ఏయే నివేదికలు, వాటి గడువులేమిటి, ఆ ఉద్యోగి సెలవు పెడితే ఎవరు చూడాలి అన్నవి అందులో ఉండాలి. ఆరు నెలలకోసారి ప్రతి సీటుకూ వచ్చిన కాగితాలు, పరిష్కరించినవి, మిగిలినవి పక్కపక్కన పెట్టి చూడండి. కాగితాల సంఖ్య ఒక్కటే చూస్తే పొరపాటు జరుగుతుంది. ఒక కోర్టు కేసు ఫైలు వంద సాధారణ వినతులంత పని కావచ్చు. అసలు పని భారం తెలియాలంటే ఆ సీటులో కూర్చున్నవారితో అరగంట మాట్లాడాలి. పని తక్కువగా ఉన్నవారికి కొంత బదిలీ చేసేటప్పుడు కారణాన్ని ఉత్తర్వులోనే ఒక వాక్యంలో రాస్తే, 'అతని మీద ప్రేమ, నా మీద కక్ష' అన్న మాటకు చోటుండదు. అదనపు బాధ్యతలు అప్పగించక తప్పనప్పుడు వాటికి ముగింపు తేదీ పెట్టండి. నిబంధనలు అదనపు భత్యాన్ని అనుమతిస్తే, ఆ ప్రతిపాదనను ఉద్యోగి అడగకముందే మీరే పంపండి.

బదిలీల్లోనూ ఇదే సూత్రం. 2013లో విశ్రాంత ఐఏఎస్ అధికారి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్, మరికొందరు మాజీ అధికారులు వేసిన వ్యాజ్యంలో భారత సుప్రీంకోర్టు సివిల్ సర్వీసు అధికారులకు కనీస పదవీకాలం ఉండాలనీ, నోటిమాటగా వచ్చిన ఆదేశాలను వారు నమోదు చేయాలనీ చెప్పింది. ఈ రెండో అంశాన్ని మీ స్థాయిలో ఈరోజే పాటించవచ్చు. పై అధికారి ఫోనులో ఏదైనా చెబితే, 'మీరు ఫలానా తేదీన మౌఖికంగా ఆదేశించిన ప్రకారం' అంటూ ఫైలులో రాసి ధ్రువీకరణ కోరండి. మీరు కిందివారికి నోటిమాటగా చెప్పినదాన్ని సాయంత్రంలోగా మీరే కాగితం మీద పెట్టండి. ఆదేశం ఇచ్చినవారు మారిపోయాక దానికి జవాబు చెప్పుకోవలసిన భారం చిన్న ఉద్యోగి మీద పడటం చాలా అన్యాయం.

సర్వీస్ రిజిస్టరు

ఉద్యోగి జీవితమంతా ఆ ఒక్క పుస్తకంలో ఉంటుంది. చేరిన తేదీ, పుట్టినతేదీ, ఇంక్రిమెంట్లు, సెలవులు, బదిలీలు, నామినేషన్లు సరిగ్గా ఎక్కాయా లేదా అన్నదాని మీదే ముప్ఫై ఏళ్ల తరువాత పింఛను ఆధారపడుతుంది. అయినా దీన్ని అప్రధానమైన గుమాస్తా పనిగా చూడటం దురదృష్టకరం. భారత కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం ప్రతి ఉద్యోగికీ ఏటా తన సర్వీస్ రిజిస్టరు చూపించి సంతకం తీసుకోవడం కార్యాలయాధిపతి విధి. ఏడాదిలో ఒక వారాన్ని ఇందుకు కేటాయించండి. ఉద్యోగి పక్కన కూర్చుని ఒక్కో పేజీ చూస్తే, ఎక్కడో నమోదు కాని సెలవు, సంతకం లేని ఇంక్రిమెంట్, సర్వీసు ధ్రువీకరణ జరగని కాలం బయటపడతాయి. ఆనాటి రికార్డు అందుబాటులో ఉన్నప్పుడు పది నిమిషాల్లో సరిచేసే లోపం, పాతికేళ్ల తరువాత ఐదు కార్యాలయాలకు ఉత్తరాలు రాసినా తేలదు.

పుట్టినతేదీ విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. దాన్ని మార్చుకునే అభ్యర్థనకు కేంద్ర నిబంధనలు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఐదేళ్ల గడువు పెట్టాయి. కొత్తగా చేరినవారికి ఈ సంగతి మొదటి వారంలోనే చెప్పండి. ప్రొబేషన్ కూడా అలాంటిదే. ప్రొబేషన్ కాలం ముగిసే నాటికి పనితీరు నివేదిక, శాఖాపరమైన పరీక్షల ఫలితాలు సిద్ధంగా ఉంచుకుని, ఖరారు చేయడమో కారణాలు చూపి పొడిగించడమో తేల్చేయాలి. ఏదీ తేల్చకుండా ఏళ్లు గడపడం వల్ల పని నేర్చుకోని ఉద్యోగిని సరిదిద్దే అవకాశమూ పోతుంది, బాగా పనిచేసినవారి పదోన్నతీ ఆగిపోతుంది.

పనితీరు నివేదిక

వార్షిక పనితీరు నివేదికను మార్చి నెలాఖరులో, పదిమందివి ఒకేసారి, గుర్తున్నంత మేరకు నింపడం సర్వసాధారణమైపోయింది. ఏడాది మొత్తాన్ని ఆఖరి రెండు నెలల జ్ఞాపకంతో కొలవడం అన్యాయం. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే, ఒక మనిషిలో ఒక గుణం నచ్చితే మిగతా గుణాలకూ తెలియకుండానే ఎక్కువ మార్కులు వేస్తామని సైనికాధికారుల మదింపులను పరిశీలించి చూపించాడు. సమయానికి వచ్చే ఉద్యోగిని పనిలోనూ దిట్ట అనుకోవడం, ఎదురు ప్రశ్న వేసేవారిని పని రానివారనుకోవడం అలాంటివే. దీనికి విరుగుడు చిన్న నోటుపుస్తకం. ప్రతి ఉద్యోగికీ ఒక పేజీ పెట్టి, నెలకోసారి, జరిగిన ఒకటి రెండు సంగతులను తేదీతో రాసుకోండి. ఏడాది చివర ఆ పేజీ చూసి నివేదిక రాస్తే, ప్రతి గ్రేడుకూ వెనుక ఒక సంఘటన ఉంటుంది.

రాసినదాన్ని ఉద్యోగికి చూపించడం ఇక ఐచ్ఛికం కాదు. ఒకప్పుడు ప్రతికూల వ్యాఖ్యలను మాత్రమే తెలిపేవారు. 'బాగుంది' అన్న గ్రేడు ప్రతికూలం కాదు కదా అని తెలపలేదు. కానీ పదోన్నతికి 'చాలా బాగుంది' తప్పనిసరి అయినప్పుడు ఆ ఒక్క 'బాగుంది' ఒక ఇంజనీరు పదోన్నతికి అడ్డుపడింది. ఆ కేసులో 2008లో భారత సుప్రీంకోర్టు ప్రతి గ్రేడునూ ఉద్యోగికి తెలపాలనీ, అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాలనీ తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది కేంద్రం పూర్తి నివేదికను ఉద్యోగికి ఇచ్చే విధానాన్ని తెచ్చింది. నివేదిక తెరచి చూపించాల్సి వస్తుంది కాబట్టి అందరికీ ఉత్తమ గ్రేడు ఇచ్చేసి గొడవ లేకుండా చూసుకునే ధోరణి దీనితోపాటే పెరిగింది. అది కూడా అన్యాయమే. నిజంగా ఉత్తముడైనవాడికి గుర్తింపు దక్కకుండా పోతుంది. ఏడాది మధ్యలోనే ఒకసారి కూర్చోబెట్టి లోపాన్ని మర్యాదగా, ఉదాహరణతో చెప్పి ఉంటే, చివర ఇచ్చే తక్కువ గ్రేడు ఎవరినీ ఆశ్చర్యపరచదు. నివేదికలో మొదటిసారిగా తెలిసిన లోపం ఉద్యోగి లోపం కన్నా మీ లోపమని నేను గట్టిగా నమ్ముతాను.

క్రమశిక్షణ చర్యలు

క్రమశిక్షణ చర్యలు వీగిపోవడానికి ఉద్యోగి నిర్దోషి కావడం ఒక్కటే కారణం కాదు. అనేక సందర్భాల్లో అధికారి అనుసరించిన పద్ధతిలోని లోపమే కారణమవుతుంది. అందుకే ఇక్కడ తొందరా పనికిరాదు, తాత్సారమూ పనికిరాదు.

ఫిర్యాదు రాగానే ముందు ప్రాథమిక విచారణ జరిపించండి. ఏం జరిగింది, ఎప్పుడు, ఎవరు చూశారు, ఏ పత్రాలున్నాయి అన్నవి తేలాకే ఛార్జి మెమో (అభియోగాలు తెలిపే పత్రం) రాయాలా, హెచ్చరికతో సరిపోతుందా అన్నది నిర్ణయించండి. మెమోలో 'విధినిర్వహణలో నిర్లక్ష్యం వహించారు' అని మాత్రమే రాస్తే ఉద్యోగి దేనికి జవాబు చెప్పాలో తెలియదు. ఏ తేదీన, ఏ ఫైలులో, ఏ నిబంధనకు విరుద్ధంగా ఏం చేశారన్నది ఒక్కొక్క అభియోగంగా విడదీసి రాసి, ఆధారంగా తీసుకునే పత్రాల, సాక్షుల జాబితాలు జతచేయాలి. 'మీరు తప్పు చేసినట్లు రుజువైంది, సంజాయిషీ ఇవ్వండి' అన్న వాక్యం మెమోలో కనిపిస్తే అక్కడితో కేసు బలహీనపడుతుంది, ఎందుకంటే వినకముందే తేల్చేశారన్న వాదనకు మీరే ఆధారం ఇచ్చినట్టవుతుంది. ఫిర్యాదు చేసినవారినీ, సాక్షిగా ఉండవలసినవారినీ విచారణాధికారిగా నియమించకండి.

విచారణ నివేదిక వచ్చాక దాని ప్రతిని ఉద్యోగికి ఇచ్చి, అతని వాదన విన్న తరువాతే శిక్ష నిర్ణయించాలని 1993లో భారత సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. ఇది ఏ ఒక్క దేశపు పట్టింపో కాదు. 1985లో అమెరికా సుప్రీంకోర్టు, ఒక విద్యాబోర్డు తొలగించిన కాపలా ఉద్యోగి కేసులో, ఉద్యోగ భద్రత ఉన్న ప్రభుత్వోద్యోగిని తొలగించే ముందు ఆరోపణలు తెలిపి అతని మాట వినాలని చెప్పింది. తుది ఉత్తర్వులో ఉద్యోగి లేవనెత్తిన ప్రతి వాదననూ ప్రస్తావించి, ఎందుకు అంగీకరించారో, ఎందుకు అంగీకరించలేదో రాయండి. 'సంజాయిషీ సంతృప్తికరంగా లేదు' అన్న మూడు మాటలు కారణం కావు.

సస్పెన్షన్ గురించి విడిగా చెప్పాలి. అది శిక్ష కాదు. సాక్ష్యాలను తారుమారు చేస్తారన్న ప్రమాదం ఉన్నప్పుడు, లేదా ఆరోపణ మరీ తీవ్రమైనదైనప్పుడు వాడవలసిన తాత్కాలిక ఏర్పాటు. కేంద్ర నిబంధనల ప్రకారం 90 రోజుల్లోగా దాన్ని సమీక్షించకపోతే అది చెల్లకుండా పోతుంది. అంతలోగా ఛార్జి మెమో ఇవ్వకపోతే సస్పెన్షన్ మూడు నెలలు దాటకూడదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కాలంలో ఇవ్వవలసిన జీవనభృతిని నెలనెలా తప్పకుండా చెల్లించండి. మనిషిని ఆకలికి వదిలేసి విచారణకు హాజరు కమ్మనడం న్యాయం కాదు, ఆ ఒక్క కారణంతోనే విచారణలు కొట్టివేతకు గురయ్యాయి.

లైంగిక వేధింపుల ఫిర్యాదులు

ఈ ఫిర్యాదులను మామూలు క్రమశిక్షణ దారిలో నడపకూడదు. భారతదేశంలో 2013 చట్టం ప్రకారం పది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. ఉన్నత స్థాయి మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు కావాలి, బయటి సభ్యులొకరు ఉండాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. ప్రభుత్వోద్యోగుల విషయంలో కమిటీ నివేదికనే శాఖాపరమైన విచారణ నివేదికగా పరిగణిస్తారు కాబట్టి, బాధితురాలిని మళ్లీ మొదటి నుంచి విచారించే పరిస్థితి రానివ్వకండి. కమిటీ సభ్యుల పేర్లు, వారిని సంప్రదించే మార్గం గోడ మీద కనిపించాలి. బదిలీ అయిన సభ్యుల స్థానాలు ఖాళీగా ఉన్నాయేమో ఈరోజే చూడండి. ఫిర్యాదు వచ్చిన నాడు కమిటీ వేస్తే నిష్పాక్షికత మీద నమ్మకం ఉండదు. ఆమెను 'రక్షణ కోసం' వేరే చోటికి బదిలీ చేయడం, తను కోరితే తప్ప, ఆమెనే శిక్షించడమవుతుంది.

ఒప్పంద, పొరుగుసేవల సిబ్బంది

అదే బల్ల దగ్గర, అదే పని చేస్తూ ఒకరు శాశ్వత ఉద్యోగిగా, ఒకరు ఏజెన్సీ ద్వారా వచ్చినవారిగా ఉండటం ఇప్పుడు అన్నిచోట్లా కనిపిస్తోంది. 2006లో ఉమాదేవి కేసులో భారత సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, పద్ధతి ప్రకారం జరగని నియామకాలను క్రమబద్ధీకరించకూడదని చెప్పింది, మంజూరైన పోస్టుల్లో పదేళ్లకు పైగా ఉన్న అర్హులకు మాత్రం ఒక్కసారికి మినహాయింపు ఇచ్చింది. 2016లో అదే న్యాయస్థానం తాత్కాలిక ఉద్యోగులు శాశ్వత ఉద్యోగులతో సమానమైన పని చేస్తుంటే ఆ పోస్టు వేతన శ్రేణిలోని కనీస వేతనం ఇవ్వాలంది. విధానాన్ని మీరు మార్చలేరు. కానీ వారికి ఇచ్చే పనిని రాతపూర్వకంగా చెప్పడం, ఏజెన్సీ భవిష్యనిధి జమ చేస్తోందో లేదో చూశాకే బిల్లు పాస్ చేయడం, జీతం ఏ తేదీన పడిందో నెలనెలా అడిగి తెలుసుకోవడం మీ పనులే. ఆర్థిక బాధ్యత ఉన్న సంతకాలు, పాస్‌వర్డులు వారికి అప్పగించి, తేడా వస్తే వారిని తొలగించి చేతులు దులుపుకోవడం మాత్రం ఎన్నడూ చేయకండి.

శిక్షణ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. భారతదేశంలో 2020లో కేంద్రం ఆమోదించిన మిషన్ కర్మయోగి ద్వారా ఆన్‌లైన్ పాఠాలు అందుబాటులోకి వచ్చాయి. ఎన్ని కోర్సులు పూర్తయ్యాయన్న లెక్క కన్నా, కోర్సు చూసిన ఉద్యోగి మరుసటి నెలలో ఏ పనిని మరోలా చేశాడన్న ప్రశ్న వేస్తే చాలు.

విరమణకు ముందు

విరమణకు ఏడాది ముందే పింఛను పత్రాల పని మొదలుపెట్టాలి. సర్వీసు ధ్రువీకరణ అయితే ఐదేళ్ల ముందే ఒకసారి పూర్తయి ఉండాలి. 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను దయాభిక్ష కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కనీ చెప్పింది. పెండింగ్ విచారణ, తేలని ఆడిట్ అభ్యంతరం, అప్పగించని సామగ్రి ఏవైనా ఉంటే ఆ ఏడాదిలోనే తేల్చండి.

ఇదే కాలంలో ఆ ఉద్యోగి తల నిండా ఉన్న జ్ఞానాన్ని కూడా కాగితం మీదికి తెప్పించుకోవాలి. ఏ కోర్టు కేసులో ఏ తేదీ కీలకం, ఏ భూమి రికార్డు ఏ బీరువాలో ఉంది, ఏ ఒప్పందంలో ఏ షరతు మీద గొడవ జరిగింది అన్నవి ఏ రిజిస్టరులోనూ ఉండవు. చివరి మూడు నెలలు ఆ సీటుకు రాబోయేవారిని పక్కన కూర్చోబెట్టండి. చివరి పనిదినాన ఉద్యోగి చేతికి పింఛను చెల్లింపు ఉత్తర్వు అందేలా, బాధ్యతల అప్పగింత పత్రం మీద ఇద్దరి సంతకాలూ ఉండేలా చూసుకుని, ఆ రెండు కాగితాల ప్రతులను సర్వీస్ రిజిస్టరులో చివరి పేజీలుగా అతికించి పుస్తకాన్ని మూయండి.